డౌన్‌లోడ్ ఎప్పుడు పూర్తవుతుంది?

2000 తర్వాతి పదేళ్లలో పాత తెలుగు పుస్తకాల కోసం ఇంటర్నెట్‌ను గాలించినవాళ్లు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను మరచిపోలేరు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు రాజ్ రెడ్డి ముందుండి నడిపిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో అది భాగం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు ఇందులో పాలుపంచుకున్నాయి. గ్రంథాలయాల బీరువాల్లో పెళుసుబారిపోతున్న తెలుగు కావ్యాలు, నాటకాలు, పత్రికల సంపుటాలు పేజీ తర్వాత పేజీ స్కానర్ కిందికి వెళ్లాయి. ఏ ఊళ్లో ఉన్న పాఠకుడికైనా కనబడేంత దగ్గరికి వచ్చాయి.

కనబడ్డాయే గానీ చేతికి రావడం కష్టమైంది. పుస్తకం ఒక ఫైలుగా ఉండేది కాదు. ఒక్కో పేజీ ఒక్కో టిఫ్ బొమ్మ. ఆ బొమ్మను బ్రౌజర్‌లో చూడాలంటే విడిగా ఒక ప్లగిన్ వేసుకోవాలి. 300 పేజీల నవల కావాలంటే 300 సార్లు అడగాలి. మధ్యలో నెట్ పోతే ఏ పేజీ వచ్చిందో, ఏది రాలేదో మనమే చూసుకోవాలి. ఈ బాధ పడలేక కొందరు ఔత్సాహికులు పేజీలన్నీ వరుసగా దించి ఒక పీడీఎఫ్‌గా కుట్టే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి అందరికీ పంచిపెట్టారు.

డౌన్‌లోడ్ పేరుతో మనం రోజూ పడే చికాకులన్నీ ఆ ఒక్క అనుభవంలో ఉన్నాయి. ఎందుకింత ఆలస్యం? ఎందుకు మధ్యలో ఆగిపోతుంది? వచ్చింది సరిగ్గానే వచ్చిందా? వచ్చాక అది మన దగ్గరే ఉంటుందా? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబులున్నాయి. కొన్ని అడ్డంకులు ప్రకృతి పెట్టినవి, వాటిని దాటే ఉపాయాలు ఇంజనీర్లు ఏనాడో కనిపెట్టి బాహాటంగా ప్రచురించారు. మిగతావి మనుషులు తీసుకున్న నిర్ణయాలు. ఏది ఏ కోవకు చెందుతుందో తెలిస్తే, దేనికి ఓపిక పట్టాలో, దేన్ని ప్రశ్నించాలో కూడా తెలుస్తుంది.

ఎనిమిదింతల తేడా

ముందుగా లెక్క తేల్చుకుందాం. కనెక్షన్ ఇచ్చే కంపెనీ వేగాన్ని బిట్లలో చెబుతుంది. ఫైలు సైజు బైట్లలో ఉంటుంది. ఒక బైటుకు 8 బిట్లు. కాబట్టి 100 ఎంబీపీఎస్ కనెక్షన్ అంటే సెకనుకు 100 మెగాబైట్లు రావు, అంతా సవ్యంగా ఉంటే పన్నెండున్నర వస్తాయి. 1,400 మెగాబైట్ల సినిమా 14 సెకన్లలో వస్తుందని ఎదురుచూసినవారికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. ఇందులో మోసమేమీ లేదు. తీగ మీద పోయే సంకేతాలను బిట్లలో కొలవడం టెలికాం రంగంలో మొదటినుంచీ ఉన్న పద్ధతి. నిల్వ చేసే వస్తువును బైట్లలో కొలవడం కంప్యూటర్ల పద్ధతి. రెండు రంగాలూ మన ఇంట్లో కలిశాయి గానీ కొలతలు కలవలేదు.

ఈ లెక్కతోనే వెనక్కి చూస్తే ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. మనదేశంలో ప్రజలకు ఇంటర్నెట్‌ను 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ అందించింది. ఫోన్ లైన్ మీద కూతలు పెట్టే మోడెముల్లో చివరికి వచ్చిన మేలైన రకం 56 కేబీపీఎస్‌ది. అంటే ఏ ఆటంకమూ లేకపోతే సెకనుకు 7 కిలోబైట్లు. 5 మెగాబైట్ల ఎంపీ3 పాట ఒక్కటి రావడానికి 12 నిమిషాలు. ఒక సీడీ నిండా ఉండే 700 మెగాబైట్ల సాఫ్ట్‌వేర్‌కైతే దాదాపు 28 గంటలు. ఆ 28 గంటల్లో ఇంటికి ఒక్క ఫోన్ కాల్ రాకూడదు, లైను ఒక్కసారి తెగకూడదు. రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకునే అలవాటు అలా వచ్చింది.

ఆ పాట 5 మెగాబైట్లకు తగ్గడం వెనక కూడా ఒక శాస్త్రం ఉంది. సీడీ మీద ధ్వనిని సెకనుకు 44,100 సార్లు, ప్రతిసారీ 16 బిట్లతో, రెండు చానళ్లలో నమోదు చేస్తారు. సెకనుకు 14 లక్షల బిట్లు దాటుతాయి. జర్మనీలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన సహచరులు మనిషి చెవి స్వభావాన్ని అధ్యయనం చేశారు. పెద్ద శబ్దం వినబడుతున్నప్పుడు దానికి దగ్గరి స్థాయిలో ఉన్న సన్న శబ్దాన్ని చెవి పట్టుకోలేదు. చెవికి అందనిదాన్ని వదిలేస్తే సెకనుకు 1,28,000 బిట్లతోనే పాట పాటలా వినిపిస్తుంది. పదకొండింతలు తగ్గిందన్నమాట. తీగ వేగం పెరిగేలోపు పాటను తీగకు సరిపడేలా మలిచింది ఈ పరిశోధనే.

ముక్కలు, వాటి లెక్క

ఫైలు ఒక్క వస్తువుగా ప్రయాణం చేయదు. పంపే సర్వరు దాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క మీద క్రమసంఖ్య వేస్తుంది. వీటిని ప్యాకెట్లంటారు. ఒక ప్యాకెట్‌లో పట్టే అసలు సరుకు సుమారు 1,460 బైట్లు. ఒక గిగాబైట్ ఫైలుకు దాదాపు 6 లక్షల 85 వేల ప్యాకెట్లు కావాలి. దారిలో కొన్ని పోతాయి, కొన్ని వెనకాముందూ అవుతాయి. అందుకున్న కంప్యూటర్ ‘ఇంతవరకు చేరాయి’ అని రసీదు పంపుతుంది. రసీదు రాని ముక్కను సర్వరు మళ్లీ పంపుతుంది. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ ప్రచురించిన పత్రంలో మొలకెత్తిన టీసీపీ అనే ఒప్పందం సారాంశం ఇదే. దారి నమ్మదగినది కాకపోయినా దాని మీద నమ్మదగిన రవాణా నడపడం ఎలాగో అది చూపించింది.

అయితే ఆ ఒప్పందంలో ఒక లోపం ఉండిపోయింది. అది 1986 అక్టోబరులో బయటపడింది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, పక్కనే ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మధ్య దూరం 400 గజాలే. ఆ రెండింటి మధ్య సెకనుకు 32,000 బిట్లు పారే లింకు ఒక్కసారిగా 40 బిట్లకు పడిపోయింది. కారణం ఏమిటంటే, దారి కిక్కిరిసిపోయి ప్యాకెట్లు పోతున్నకొద్దీ ప్రతి కంప్యూటరూ పోయినవాటిని మళ్లీ పంపింది. దాంతో రద్దీ ఇంకా పెరిగింది, ఇంకా ఎక్కువ పోయాయి. అందరూ శ్రద్ధగా తమ పని తాము చేస్తూనే దారిని మూసేశారు.

దీనికి మందు కనిపెట్టినవాడు వాన్ జాకబ్‌సన్. 1988లో ఆయన ప్రచురించిన పద్ధతి ప్రకారం ఏ కనెక్షనూ మొదట్లోనే పూర్తి వేగంతో పంపకూడదు. చెరువు కింద ఆయకట్టుకు నీళ్లు వదిలే నీరటి తూమును ఒక్కసారిగా తెరవడు, కాలువ తట్టుకుంటోందా లేదా చూసుకుంటూ కొద్దికొద్దిగా ఎత్తుతాడు, గట్టు చెమ్మగిల్లితే వెంటనే దించుతాడు. టీసీపీ చేసేది అదే. మొదట కొన్ని ప్యాకెట్లు పంపుతుంది. రసీదులు వస్తే రెట్టింపు చేస్తుంది. ప్యాకెట్ పోయిందని తెలిస్తే వేగాన్ని సగానికి సగం తగ్గించి, మళ్లీ నెమ్మదిగా పెంచుతుంది. డౌన్‌లోడ్ మొదట్లో నత్తనడక నడిచి, తర్వాత ఊపందుకుని, ఉన్నట్టుండి తగ్గి మళ్లీ పెరగడం మనం చూస్తూనే ఉంటాం. ఆ ఎత్తుపల్లాలు ఒకే దారిని కోట్లమంది పంచుకోవడానికి చేసుకున్న సర్దుబాటు. దానికి కొంత ఓపిక పట్టడం న్యాయమే.

దూరం ఖరీదు

సర్దుబాటు రసీదుల మీద ఆధారపడింది కాబట్టి రసీదు ఎంతసేపట్లో తిరిగొస్తుందన్నది కీలకమవుతుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియాకు గీత గీసినట్టు పోయినా 13 వేల కిలోమీటర్ల పైమాటే. పోనూ రానూ 26 వేలు. ఎంత గొప్ప తీగ వేసినా 130 మిల్లీసెకన్లకు తగ్గదు. తీగలు వంకర దారుల్లో పోతాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఇప్పటి పద్ధతిలో చాలా సర్వర్లు మొదటి విడతలో 10 ప్యాకెట్లు పంపుతాయి. తర్వాత 20, 40, 80, 160, 320. ఆరు విడతలకు 630 ప్యాకెట్లు, అంటే సుమారు 9 లక్షల బైట్లు చేరతాయి. సర్వరు కాలిఫోర్నియాలో ఉంటే దీనికి సెకనులో మూడొంతుల పైగా పడుతుంది. 5 మిల్లీసెకన్ల దూరంలో మన నగరంలోనే ఉంటే 30 మిల్లీసెకన్లు చాలు. కనెక్షన్ అదే, డబ్బు అదే, దూరం మాత్రమే మారింది. 300 చిన్న ఫైళ్లుగా ఉన్న పుస్తకం అంత సతాయించడానికి కారణం ఇక్కడే ఉంది. ప్రతి పేజీకీ కొత్తగా అడగాలి, కొత్త కనెక్షనైతే మళ్లీ నెమ్మదిగా మొదలవ్వాలి. వేగం పుంజుకునేలోపు పేజీ అయిపోతుంది. అవే బైట్లు ఒకే పెద్ద ఫైలుగా ఉంటే ఆ ఆలస్యాన్ని ఒక్కసారే భరిస్తే సరిపోయేది.

కాంతి వేగాన్ని పెంచలేం గానీ సరుకును దగ్గరికి తేవచ్చు. మసాచుసెట్స్‌లో గణిత ఆచార్యుడు టామ్ లెయ్‌టన్, ఆయన విద్యార్థి డానియల్ లెవిన్ 1998లో స్థాపించిన అకమాయ్ ఈ ఆలోచనను వ్యాపారంగా మార్చింది. ఎక్కువమంది అడిగే ఫైళ్ల ప్రతులను ప్రపంచమంతటా వేల సర్వర్లలో ఉంచి, అడిగినవారికి దగ్గరగా ఉన్నదాని నుంచి ఇస్తారు. ఇవాళ ఫోన్ అప్‌డేట్ గానీ సినిమా గానీ చాలావరకు మనదేశంలోని సర్వరు నుంచే వస్తుంది. 2003లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఏర్పడింది. అంతకుముందు మనదేశంలోని ఒక కంపెనీ చందాదారు పంపింది మరో కంపెనీ చందాదారుకు చేరడానికి సముద్రాలు దాటి తిరిగి రావాల్సి వచ్చేది. ఈ ఎక్స్ఛేంజ్ కేంద్రాల్లో హైదరాబాద్ కూడా ఒకటి.

సముద్రం మీద ఎంతగా ఆధారపడ్డామో 2008 జనవరి 30న అర్థమైంది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున రెండు కేబుళ్లు తెగాయి. వేల కిలోమీటర్ల ఇవతల మనదేశంలో ఇంటర్నెట్ నీరసించిపోయింది. ఆ రోజుల్లో సగంలో ఆగిన డౌన్‌లోడ్‌కు ఇంట్లో మోడెమును ఎన్నిసార్లు ఆపి పెట్టినా ఫలితం ఉండేది కాదు.

99 దగ్గర ఏం జరుగుతుంది?

అన్నిటికంటే ఎక్కువ విసిగించేది చివరి ఒక్క శాతం. దానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి.

మొదటిది మామూలు అంకగణితం. 2 గిగాబైట్ల ఫైలులో ఒక శాతం అంటే 20 మెగాబైట్లు. సెకనుకు అర మెగాబైట్ వస్తుంటే ఆ ఒక్క శాతానికే 40 సెకన్లు పడుతుంది. అంతసేపూ తెర మీద 99 అనే అంకె కదలదు.

రెండోది టీసీపీ స్వభావం. మధ్యలో ఒక ముక్క పోతే ఆ విషయం వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే దాని వెనక వచ్చిన ముక్కలకు రసీదులు వెళ్తూ మధ్యలో ఖాళీ ఉందని చెబుతాయి. పోయింది చిట్టచివరి ముక్క అయితే దాని వెనక వచ్చేది ఏదీ లేదు. అలా చెప్పే రసీదు ఉండదు. సర్వరు కొంత గడువు దాకా ఎదురుచూసి, ఆ తర్వాతే మళ్లీ పంపాలి. అదీ పోతే గడువు రెట్టింపవుతుంది. ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది. బస్సులో పోతూ సిగ్నల్ సన్నగిల్లిన చోట ఫైలు చివర్లో స్తంభించిపోవడానికి ఇది పెద్ద కారణం.

మూడోది నెట్‌కు సంబంధించిందే కాదు. బైట్లన్నీ వచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. తాత్కాలికంగా దాచిన ముక్కలను డిస్కు మీద స్థిరపరచాలి, వైరస్ ఉందేమో చూడాలి, మూట విప్పాలి, ఫోన్ యాప్ అయితే తయారీదారు డిజిటల్ సంతకం సరిచూసి అమర్చాలి. తెర మీద శాతం చూపుతూ బైట్లను లెక్కపెట్టే పట్టీకి ఈ పనులను కొలిచే దారి లేదు.

అసలు ఈ పట్టీ అవసరమని శాస్త్రీయంగా నిరూపించినవాడు బ్రాడ్ మైయర్స్. 1985లో ఆయన ప్రచురించిన అధ్యయనంలో, ఎంత పని జరిగిందో కనబడితే మనుషులకు ఎదురుచూపు తేలికవుతుందని తేలింది. 2007లో క్రిస్ హారిసన్, ఆయన సహచరులు మరో అడుగు వేశారు. ఒకే నిడివి ఉన్న పట్టీలను రకరకాలుగా కదిలించి చూపితే, చివర్లో ఆగేది ఎక్కువసేపు పట్టినట్టు, చివర్లో పరుగెత్తేది తొందరగా అయినట్టు అనిపించింది. అంటే 99 దగ్గర ఆగే పట్టీ మన మనసును అతి సున్నితమైన చోట తాకుతోంది. మంచి సాఫ్ట్‌వేర్ అక్కడ అంకెను వదిలేసి, ‘ఫైలు వచ్చింది, సరిచూస్తున్నాం’ అని జరుగుతున్నది చెబుతుంది. పైసా ఖర్చు లేని ఆ మర్యాద అందరూ పాటించదగినది.

తెగినచోటి నుంచి అందుకోవడం

దూరాన ఉన్న కంప్యూటర్ నుంచి ఫైలు తెచ్చుకోవడానికి మొట్టమొదటి నియమావళి రాసింది ఒక భారతీయుడని చాలామందికి తెలియదు. కాన్పూర్ ఐఐటీ మొదటి బ్యాచ్‌లో చదివి, అమెరికాలోని ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్‌లో ఎఫ్‌టీపీ తొలి రూపాన్ని ఆర్‌ఎఫ్‌సీ 114 అనే పత్రంగా విడుదల చేశారు. వెబ్ పుట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందు సంగతిది.

వెబ్ వచ్చిన కొత్తలో మాత్రం ఒక పెద్ద వెలితి ఉండేది. ఫైలు సగంలో తెగితే మళ్లీ మొదటి బైటు నుంచి మొదలుపెట్టాల్సిందే. 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 నియమావళి దీన్ని సరిచేసింది. ‘ఈ ఫైలులో ఫలానా బైటు నుంచి ఫలానా బైటు వరకు ఇవ్వు’ అని బ్రౌజర్ అడగవచ్చు. సర్వరుకు ఆ పద్ధతి తెలిస్తే 206 అనే సంకేతంతో ఆ భాగం మాత్రమే పంపుతుంది. డౌన్‌లోడ్ మేనేజర్లు చేసే పని మొత్తం దీనిమీదే నడుస్తుంది. తెగినచోటి నుంచి అందుకోవడమూ, ఫైలును ఎనిమిది భాగాలుగా చేసి ఎనిమిది కనెక్షన్లతో ఒకేసారి లాగడమూ ఈ ఒక్క సౌకర్యం వల్లే సాధ్యమయ్యాయి.

మరి ఇప్పటికీ కొన్ని సైట్లలో నెట్ పోతే మళ్లీ సున్నా నుంచి ఎందుకు మొదలవుతుంది? సర్వరులో ఆ సౌకర్యం ఏర్పాటు చేయలేదు గనక. లేదా ఆ లింకుకు కొద్ది నిమిషాల గడువు పెట్టారు గనక. లేదా ఫైలు మొత్తం సైజు ముందుగా చెప్పడం లేదు గనక. సైజు చెప్పకపోతే బ్రౌజర్ శాతం కూడా చూపలేదు, ఎంత వచ్చిందో మాత్రమే చూపుతుంది. దీన్ని నెట్ తప్పు కింద రాయకూడదు. 1997 నుంచి చేతిలో ఉన్న పరిష్కారాన్ని వాడకపోవడమే లోపం.

2001లో బ్రామ్ కోహెన్ విడుదల చేసిన బిట్‌టొరెంట్ ఇంకో దారి చూపింది. ఫైలు ఒక్క సర్వరులో ఉండనక్కర్లేదు. దించుకుంటున్న ప్రతివారూ తమకు చేరిన ముక్కలను మిగతావారికి ఇస్తారు. ఎవరి దగ్గరా ఎక్కువగా లేని ముక్కను ముందు తెచ్చుకోవడం దాని నియమం. అలా చేస్తే ఏ ముక్కా అంతరించిపోదు. ఎంత ఎక్కువమంది అడిగితే అంత తొందరగా అందే పద్ధతి ఇది. దొంగ సినిమాలకు వాడుకున్నవారి వల్ల ఈ పేరు మనదగ్గర మసకబారింది గానీ, లినక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పెద్ద సర్వర్ల ఖర్చు లేకుండా ప్రపంచానికి అందించడంలో దీని పాత్ర గౌరవించదగినది.

వచ్చింది అసలుదేనా?

ప్రతి ప్యాకెట్‌తో పాటు 16 బిట్ల సరిచూపు సంఖ్య ఒకటి వస్తుంది. దారిలో బిట్లు తారుమారైతే చాలావరకు ఇది పట్టేస్తుంది. కానీ 16 బిట్లతో 65,536 సంఖ్యలే సాధ్యం, తప్పించుకునే పొరపాట్లు ఉంటాయి. పైగా ఎవరైనా కావాలని ఫైలును మారిస్తే ఇది బొత్తిగా పట్టలేదు.

అందుకే సాఫ్ట్‌వేర్ ఇచ్చే మంచి సైట్లు ఫైలు పక్కనే 64 అక్షరాల పొడవున్న ఒక హ్యాష్ విలువ ఇస్తాయి. షా-256 అనే గణిత ప్రక్రియ ఫైలు మొత్తాన్ని నమిలి ఆ విలువను తయారుచేస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా విలువ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. సాధ్యమయ్యే విలువల సంఖ్య 78 అంకెల పొడవుంటుంది. మనం దించిన ఫైలుకు మన కంప్యూటర్‌లోనే ఆ విలువ లెక్కగట్టి సైటులో ఉన్నదానితో పోల్చుకుంటే, ఫైలు చెక్కుచెదరకుండా వచ్చిందో లేదో తేలిపోతుంది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే పేరున్న ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైటులోకి దుండగులు చొరబడ్డారు. డౌన్‌లోడ్ లింకును దొంగదారి ఉన్న నకలు ఫైలు వైపు మళ్లించారు. సైటే దొంగల చేతిలో పడితే అందులో ఉన్న హ్యాష్ విలువనూ మార్చగలరు. అలాంటప్పుడు పనికొచ్చేది డిజిటల్ సంతకం. తయారీదారు రహస్యంగా దాచుకున్న తాళంచెవి లేకుండా దాన్ని ఎవరూ సృష్టించలేరు. ఫోన్‌లోని అధికారిక యాప్ స్టోర్లు, లినక్స్ ప్యాకేజీలు ఈ సంతకాన్ని మనం అడగకుండానే సరిచూస్తాయి.

ఆ కాపలాను దాటడానికే మోసగాళ్లు ఏపీకే ఫైళ్లను, అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా అమర్చే ఫైళ్లను, వాట్సాప్‌లో పంపుతారు. పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ అనే పేర్లు పెడతారు. పెళ్లి పత్రిక బొమ్మగానో పీడీఎఫ్‌గానో ఉంటుంది. అది యాప్‌గా ఉండాల్సిన అవసరం ఏ పెళ్లివారికీ లేదు. ఏపీకేను నొక్కి అనుమతులిచ్చేస్తే ఆ యాప్ మన ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది, బ్యాంకు పంపే ఓటీపీ దాని చేతికి పోతుంది. పంపినవారు తెలిసినవారే అయినా నమ్మకూడదు, వారి ఫోన్ అప్పటికే మోసగాళ్ల అధీనంలో ఉండి ఉండవచ్చు. పొరపాటు జరిగిపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

కొన్ని సైట్లలో అసలు డౌన్‌లోడ్ బటన్ చిన్నగా మూలన ఉంటుంది. దాని చుట్టూ పచ్చగా మెరిసే పెద్ద బటన్లన్నీ ప్రకటనలే. చదువుకున్నవారిని కూడా బోల్తా కొట్టించేలా లెక్కగట్టి పెట్టిన వల ఇది. అందులో పడ్డవారిని అజ్ఞానులంటూ నిందించడం తప్పు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ జారీ చేసిన మార్గదర్శకాలు ఇలాంటి 13 రకాల మాయలను పేరుపెట్టి నిషేధించాయి. మారువేషంలో ఉన్న ప్రకటనలు, లేని వైరస్ ఉందని బెదిరించి సాఫ్ట్‌వేర్ అంటగట్టడం ఆ జాబితాలో ఉన్నాయి. వినియోగదారుకు ఫిర్యాదు చేసే హక్కు ఉందన్నది గుర్తుంచుకోవాలి.

తాళం ఎవరి దగ్గర?

ఫైలు పూర్తిగా వచ్చింది, సరిగ్గా వచ్చింది. అయినా అది మనది కాకపోవచ్చు.

సినిమాల యాప్‌లో డౌన్‌లోడ్ నొక్కితే గిగాబైట్ల కొద్దీ బైట్లు నిజంగానే ఫోన్‌లోకి వస్తాయి. కానీ అవి గుప్తలిపిలో ఉంటాయి. విప్పే తాళంచెవి విడిగా, ఒక లైసెన్సుతో పాటు వచ్చి ఫోన్‌లోని రక్షిత భాగంలో కూర్చుంటుంది. లైసెన్సుకు గడువుంటుంది. చందా ముగిసినా, ఆ సినిమా హక్కులు ఆ సంస్థ చేయి దాటినా తాళంచెవి చెల్లదు. బైట్లు మన ఫోన్‌లో చోటు ఆక్రమించుకుని ఉన్నా మనకు అక్కరకు రావు.

చందా కట్టి చూసే సినిమాకు ఇది అర్థం చేసుకోదగిన ఏర్పాటే. ‘కొనండి’ అని రాసి అమ్మినవాటికి కూడా ఇదే పద్ధతి వర్తించడమే అన్యాయం. 2009 జులైలో జార్జ్ ఆర్వెల్ రాసిన రెండు పుస్తకాలను అమెజాన్ పాఠకుల కిండిల్ యంత్రాల నుంచి దూరం నుంచే చెరిపేసింది. అమ్మినవారికి హక్కులు లేవన్నది కారణం. డబ్బు తిరిగిచ్చారు, సంస్థ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పారు. కానీ కొన్న పుస్తకం అల్మరాలోంచి మాయం కాగలదని లోకానికి ఆరోజు తెలిసింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణాన్ని మూసేసినప్పుడు అక్కడ కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. అక్కడా డబ్బు తిరిగిచ్చారు. కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి అమలుచేస్తున్న చట్టం ప్రకారం, అమ్ముతున్నది లైసెన్సు మాత్రమే అయితే ఆ మాట కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పి తీరాలి. మనదేశంలోనూ అలాంటి నియమం రావాలి.

మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ఇలాంటి సాంకేతిక తాళాలకు చట్టరక్షణ ఇచ్చింది. అదే సవరణ వికలాంగుల కోసం రచనలను వారికి అందే రూపంలోకి మార్చుకునే వీలూ కల్పించింది. అంధ పాఠకుల కోసం కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. ఆ స్ఫూర్తికి తగ్గట్టు తెలుగు పుస్తకాలు బొమ్మలుగా మిగిలిపోకుండా అక్షరాలుగా అందాలి. బొమ్మను స్క్రీన్ రీడర్ చదివి వినిపించలేదు.

ప్రతులు మన దగ్గర ఉండటం ఎందుకు ముఖ్యమో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చరిత్రే చెబుతుంది. కాపీరైట్ చిక్కులతో కొన్నేళ్లకు ఆ సైటు మూతపడింది. అప్పటికే కార్ల్ మలముద్ నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ లక్షల పుస్తకాలకు ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చింది. తెలుగు పుస్తకాలు ఇవాళ అక్కడ పూర్తి ఫైళ్లుగా దొరుకుతున్నాయి. వాటిలో ఎన్నిటినో తెలుగు వికీసోర్స్ కార్యకర్తలు పేజీ పేజీ దిద్ది, వెతకదగిన పాఠ్యంగా మారుస్తున్నారు. ఒక్కచోటే ఉండి ఉంటే ఈ సంపద మనకు మిగిలేది కాదు.

మనం అడగాల్సినవి

డౌన్‌లోడ్ పూర్తయిందో లేదో తేల్చుకోవడానికి నమ్మకమైన పరీక్ష ఒకటుంది. నెట్ ఆపేసి ఫైలు తెరవండి. తర్వాత దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంకో కంప్యూటర్‌లో తెరవండి. రెండుచోట్లా తెరుచుకుంటే అది మీ చేతికి వచ్చినట్టు. తెరుచుకోకపోతే మీకు దక్కింది చూడటానికి అనుమతి మాత్రమే. అనుమతికి ఇచ్చే ధర వేరు, వస్తువుకు ఇచ్చే ధర వేరుగా ఉండాలి.

చికాకులు తొలగించడానికి ప్రతిసారీ కొత్త తీగలు వేయనక్కర్లేదు, కుదురైన ప్రమాణం ఒకటి పాటిస్తే చాలునని తెలుగువాళ్లకు అనుభవమే. ఒకప్పుడు ఒక్కో తెలుగు దినపత్రిక సైటుకు ఒక్కో ఫాంటు దించుకోవాలి. లేకపోతే తెర నిండా అర్థంకాని గుర్తులే. 1991లోనే యూనికోడ్ తెలుగుకు చోటిచ్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు దానితోపాటే వచ్చింది. పత్రికలు ఒక్కొక్కటిగా యూనికోడ్‌కు మారాక ఆ డౌన్‌లోడ్‌ల అవసరమే పోయింది.

అదే పట్టుదల ఇప్పుడు ప్రజల డబ్బుతో తయారైన ప్రతి ఫైలు విషయంలోనూ కావాలి. పాఠ్యపుస్తకాలు, జీవోలు, పరీక్షల హాల్ టికెట్లు, విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు, గ్రంథాలయాల స్కానులు అన్నీ ఒకే పూర్తి ఫైలుగా దొరకాలి. పక్కనే సైజు ఉండాలి. తెగినచోటి నుంచి అందుకునే వీలుండాలి. ప్రత్యేకంగా యాప్ వేసుకోమని ఒత్తిడి చేయకూడదు. బొమ్మగా కాకుండా యూనికోడ్ తెలుగులో, వెతకడానికీ వినడానికీ వీలుగా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. నియమావళులు ఎప్పటినుంచో ప్రచురితమై ఉన్నాయి, వాడుకోవడానికి రుసుము లేదు. ఒక్క సిగ్నల్ గీతతో, రోజుకు ఇంతని కొలిచి వాడే డేటాతో చదువుకుంటున్న విద్యార్థికి ఇవి అందడం సైటు నడిపే కార్యాలయం తీసుకునే నిర్ణయం మీదే ఆధారపడి ఉంది. ఆ నిర్ణయం తీసుకోమని అడగడం పౌరులుగా మన హక్కు. అడగాలి.